దేవుడి కొలువులోనూ ఒక వకీలు

2008 నవంబరు 26 రాత్రి ముంబయి మీద జరిగిన దాడిలో 166 మంది ప్రాణాలు పోయాయి. దాడికి వచ్చినవాళ్లలో ప్రాణాలతో చిక్కినవాడు ఒక్కడే, అజ్మల్ కసబ్. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో తుపాకీతో తిరుగుతున్న అతని ఫొటోను దేశమంతా చూసింది. విచారణ మొదలుకాకముందే ముంబయిలో ఒక న్యాయవాదుల సంఘం తమ సభ్యులెవరూ అతని తరఫున నిలబడకూడదని తీర్మానం చేసింది. 2009లో కోర్టే ఒక మహిళా న్యాయవాదిని నియమిస్తే ఆవిడ ఇంటి ముందు జనం గుమిగూడి గొడవకు దిగారు. తెలుగిళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్ల నోటా ఒకటే మాట: "ఇలాంటివాడికి కూడా లాయరా? వాణ్ణి కాపాడబోయేవాడికి పాపం తగలదా?"

ఆ కోపాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ కేసులో విచారణకు నిలబడ్డ నిందితులు ముగ్గురని చాలామంది గమనించలేదు. మిగతా ఇద్దరు భారతీయులు. దాడి చేయాల్సిన చోట్ల మ్యాపు చేత్తో గీసి పంపారని వాళ్లమీద అభియోగం. చనిపోయిన ఒక ఉగ్రవాది జేబులో ఆ మ్యాపు దొరికిందని పోలీసులు చెప్పారు. డిఫెన్సు న్యాయవాదులు ఆ కాగితాన్నే పట్టుకున్నారు. ఉగ్రవాది ఒళ్లంతా, బట్టలంతా రక్తంతో తడిసి ఉంటే జేబులోని కాగితం మాత్రం మరక లేకుండా, నలగకుండా ఎలా ఉంది? ప్రత్యేక కోర్టుకు ఆ ప్రశ్న సబబుగానే తోచింది. 2010 మే 3న కసబ్‌ను దోషిగా తేల్చిన అదే తీర్పులో మిగతా ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేశాయి. ఆ ఇద్దరిలో ఒకరి తరఫున వాదించిన షాహిద్ అజ్మీ తీర్పు వినడానికి లేడు. అంతకు మూడు నెలల ముందు, ఫిబ్రవరి 11న, ముంబయిలోని అతని ఆఫీసులోనే కాల్చి చంపారు. అతనికి అప్పటికి 32 ఏళ్లు. తానే కొన్నేళ్లు తీహార్ జైల్లో ఉండి, బయటికొచ్చాక లాయరైన మనిషి.

ఎవరూ వాదించకూడదన్న మాటే నెగ్గి ఉంటే ఆ కాగితం శుభ్రంగా ఎందుకుందని అడిగేవాళ్లు ఉండేవారు కాదు.

కానీ టీవీ ముందు కూర్చున్నవాళ్లు అడిగింది చట్టం గురించి కాదు, పాపం గురించి. అది పాత ప్రశ్న, గట్టి ప్రశ్న. చేసిన కర్మ అనుభవించాల్సిందేనని నమ్మే సమాజంలో, ఆ కర్మఫలానికి అడ్డుపడేవాణ్ణి ఏమనాలి? దోషి పక్షాన నోరు విప్పడం ధర్మమేనా? దీనికి జవాబు రాజ్యాంగంలో వెతికేముందు, ప్రశ్న పుట్టిన చోటే వెతకడం న్యాయం.

సుందరకాండలో రావణుడి కొలువు ఒక కోర్టే. హనుమంతుడు నిందితుడు. అశోకవనాన్ని పాడు చేశాడు, కాపలావాళ్లను చంపాడు, రాజకుమారుడు అక్షుణ్ణి చంపాడు. నేరం చేసినట్టు సాక్ష్యం అక్కర్లేదు, అతనే ఒప్పుకున్నాడు. రావణుడు మరణశిక్ష వేశాడు. అప్పుడు లేచినవాడు విభీషణుడు. ఆయన హనుమంతుడు ఏమీ చేయలేదని బుకాయించలేదు. దూతను చంపడం రాజధర్మం కాదన్నాడు. పంపినవాడిది తప్పుగానీ వచ్చినవాడిది కాదన్నాడు. దూతకు వేయదగిన శిక్షలు వేరే ఉన్నాయని, అంగం వికలం చేయడం, కొరడాతో కొట్టడం, తల గొరగడం వంటివాటిని లెక్కపెట్టాడు. చివరికి రావణుడి స్వార్థానికి తగిన మాట కూడా ఒకటి చేర్చాడు: ఇతన్ని చంపేస్తే సముద్రం దాటి వెళ్లి ఆ రాకుమారులను యుద్ధానికి తీసుకొచ్చేవాడెవడు? నేరం కాదనకుండా, శిక్ష తగ్గించమని, చట్టం చూపించి, జడ్జి మనసెరిగి చేసిన వాదన అది. మరణశిక్ష పోయి తోకకు నిప్పు మిగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

యుద్ధకాండకు వచ్చేసరికి పాత్రలు తారుమారయ్యాయి. ఇప్పుడు విభీషణుడే బోనులో ఉన్నాడు. శత్రువు తమ్ముడు, ఉన్నట్టుండి వచ్చి శరణంటున్నాడు. సుగ్రీవుడు చంపెయ్యమన్నాడు. అంగదుడు పరీక్షించి చూడమన్నాడు. ఒకరు గూఢచారిని పెట్టమన్నారు. రాకూడని వేళ వచ్చాడు కాబట్టి అనుమానించాల్సిందేనని జాంబవంతుడు అన్నాడు. అప్పుడు హనుమంతుడు ఒక్కొక్క వాదననూ విప్పి పక్కన పెట్టాడు. పని అప్పగించకుండా పరీక్షించేదెలా? ఎదురుగా నిలబడి పేరు చెప్పుకున్నవాడి మీద గూఢచారెందుకు? వేళ తప్పిందంటారా, రావణుడి దుర్మార్గం చూసి, రాముడి బలం తెలుసుకుని వచ్చినవాడికి ఇదే తగిన వేళ. అన్నిటికీ మించి, ఈ మనిషి ముఖం నిర్మలంగా ఉంది, మాట తడబడలేదు. నేటి కోర్టుల్లో సాక్షి తీరుతెన్నులు అని రాసుకునేది ఇదే. రాముడు అభయమిచ్చాడు. ఆ అభయం తన స్వభావం కొద్దీ ఇచ్చిందే అయినా, అంతకుముందు వాదోపవాదాలన్నీ ఓపిగ్గా విన్నాడు. వాల్మీకి ఆ వాదనలకు సర్గలే కేటాయించాడు.

మూడో ఘట్టం వీటన్నిటికంటే లోతైనది. యుద్ధం అయిపోయింది. గెలిచిన కబురు చెప్పడానికి హనుమంతుడు అశోకవనానికి వచ్చాడు. పది నెలలు సీతను మాటలతో, బెదిరింపులతో హింసించిన రాక్షస స్త్రీలు అక్కడే ఉన్నారు. అనుమతిస్తే వీళ్లను చంపేస్తానన్నాడు. బాధితురాలే డిఫెన్సు లాయరైంది. రాజు చెప్పినట్టు చేసిన దాసీలు వీళ్లు, రాజు పోయాక ఇప్పుడెవరినీ బాధించడం లేదు, తప్పు చేయనివాళ్లు లోకంలో ఎవరున్నారు, అని అడిగింది. శ్రీరంగంలో శ్రీవైష్ణవ ఆచార్యుడు పరాశర భట్టర్ ఈ ఘట్టాన్ని తలచుకుని, శరణన్నవాళ్లను రాముడు కాపాడితే, అడగనివాళ్లను కూడా కాపాడిన నీ ముందు రాముడి కొలువే చిన్నబోయిందని అమ్మవారిని స్తుతించాడు.

శ్రీవైష్ణవులు దీనిమీద ఒక సిద్ధాంతమే కట్టారు. దాని పేరు పురుషకారం. జీవుడు నేరుగా భగవంతుడి ముందు నిలబడితే ఆయన చూసేది కర్మల లెక్క. ఆయన న్యాయమూర్తి, లెక్క తప్పడు. అమ్మవారు పక్కన ఉండి జీవుడి తరఫున ఒక మాట వేస్తే ఆయనలోని దయ మేలుకుంటుంది. ఆలయంలో ముందు అమ్మవారికి దండం పెట్టుకుని తర్వాత స్వామి దగ్గరికి వెళ్లే అలవాటు వెనక ఈ ఆలోచనే ఉంది.

ఇది గ్రంథాల్లో మిగిలిపోయిన సిద్ధాంతం కాదు. తెలుగునేల మీద ఒక ఖైదీ దీన్ని అక్షరాలా ఆచరించాడు. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ నవాబు తానాషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారు. ప్రజల నుంచి వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఈనాటి భాషలో చెప్పాలంటే ప్రభుత్వ నిధుల దుర్వినియోగం. మేనమామ మాదన్న నవాబు దగ్గర మంత్రిగా ఉన్నా జైలు తప్పలేదు. పన్నెండేళ్లు గోల్కొండ చెరసాలలో ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ చీకటి గదిని ఈనాటికీ కోటలో చూపిస్తారు. అక్కడ కూర్చుని రామదాసు చేసిన పనులు మూడు. ఏ నగకు ఎంతయిందో రాముడికి లెక్క చెప్పాడు. ఇంత చేసినా పట్టించుకోవేమని కోప్పడ్డాడు. ఆ రెండూ పనిచేయనప్పుడు సీతమ్మవైపు తిరిగి, భర్త ఏకాంతంగా ఉన్నప్పుడు తన సంగతి కాస్త చెప్పమని వేడుకున్నాడు. రాముడికి తన బాధ తెలియదని కాదు. తెలిసిన దేవుడి దగ్గర కూడా తన తరఫున అడిగే నోరు ఒకటి కావాలని ఆ ఖైదీకి అనిపించింది. ఇంటింటా పాడుకునే ఆ కీర్తన విన్నవాళ్లెవరూ, నేరం చేసినవాడికి సీతమ్మ ఎందుకు సిఫారసు చేయాలని అడగలేదు.

బైబిలు ఆదికాండంలో అబ్రాహాముదీ ఇదే పని. సొదొమ పట్టణం దుర్మార్గులదని ఆయనకు తెలుసు. అయినా దేవుడి ముందు నిలబడి, యాభైమంది నీతిమంతులుంటే ఊరిని వదిలేస్తావా అని అడిగాడు. అక్కణ్ణుంచి నలభై ఐదు, నలభై, ముప్ఫై, ఇరవై, చివరికి పది దాకా దించాడు. దేవుడు విసుక్కోలేదు, ప్రతిసారీ బదులిచ్చాడు. ఆ పదిమంది కూడా లేక ఊరు తగలబడింది. అయినా అడిగినందుకు అబ్రాహాముకు పాపం తగిలిందని ఎవరూ అనరు. ప్రళయదినాన ప్రవక్త తమ కోసం సిఫారసు చేస్తారని ముస్లింల నమ్మకం. తండ్రి దగ్గర క్రీస్తు తమ తరఫున మాట్లాడతాడని క్రైస్తవుల నమ్మకం.

ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అన్నీ తెలిసిన దేవుడి ముందు, తప్పు చేశామని తెలిసిన మనుషుల కోసమే, ఈ మతాలన్నీ ఒక వకీలును ఏర్పాటు చేసుకున్నాయి. అలాంటప్పుడు ఏమీ తెలియని మేజిస్ట్రేటు ముందు, పోలీసులు రాసిన కాగితాలు తప్ప ఇంకేమీ చూడని మనిషి ముందు, నేరం చేశాడో లేదో ఇంకా తేలని మనిషికి ఆ మాట సాయం పాపమెలా అవుతుంది? కర్మ న్యాయం చేస్తుందని నమ్మేవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. కర్మకు పొరపాటు పడే వీల్లేదు. కోర్టుకు ఉంది. పొరపాటు పడగలవాడి చేతికి శిక్షించే అధికారమిచ్చినప్పుడు, ఆ పొరపాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాణ్ణి కూడా పక్కనే నిలబెట్టడం అధికారమిచ్చినవాళ్ల బాధ్యత.

నిజం తన పక్షాన ఉన్నవాడికి లాయరెందుకు, ఉన్నదున్నట్టు చెబితే చాలదా అని ఇంకో మాట వినిపిస్తూ ఉంటుంది. ఊళ్లలో పెద్దమనుషులు ఈ మాట తరచూ అంటారు. కౌరవసభలో ద్రౌపది ఉన్నదున్నట్టే అడిగింది: తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణం పెట్టే హక్కెక్కడిది? మహాభారతం మొత్తంలో ఇంతకంటే పదునైన న్యాయప్రశ్న లేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. వాళ్లు జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చిన ఆడమనిషి ప్రశ్న సభకు ఏడుపులా వినిపించింది. అదే ప్రశ్నను దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి వాదనగా పేర్చాడు. జూదం రాజులకు వ్యసనం, వ్యసనంలో చేసిన పని చెల్లదు. ద్రౌపది అయిదుగురికీ భార్య, ఒక్కడు పణం పెట్టలేడు. ధర్మరాజు అప్పటికే తన్ను తాను ఓడిపోయాడు. పైగా ఆమెను పెట్టమని ఎగదోసింది శకుని. ఈ మాటలకు సభలో కలకలం రేగింది. కర్ణుడు లేచి వికర్ణుణ్ణి గద్దించాల్సి వచ్చింది. అంతదాకా ద్రౌపదికి ఎవరూ జవాబే చెప్పలేదు. వికర్ణుడి వాదనకైతే జవాబు వెతుక్కోక తప్పలేదు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పనామా సిటీలో ఇంచుమించు ఇదే జరిగింది. 1961 జూన్ 3న తెల్లవారుజామున ఒక పూల్ ఆటల హాలు తలుపు పగలగొట్టి మద్యం, కూల్‌డ్రింకులు, చిల్లర డబ్బులు ఎత్తుకుపోయారు. క్లారెన్స్ గిడియన్ అనే పేదవాణ్ణి పట్టుకున్నారు. తనకు లాయర్ని ఇమ్మని అతను కోర్టును అడిగాడు. మరణశిక్ష పడే కేసుల్లో తప్ప ఇవ్వడం కుదరదని జడ్జి చెప్పాడు. గిడియన్ తన కేసు తానే వాదించుకున్నాడు, తన తెలివి కొద్దీ సాక్షులను ప్రశ్నించాడు. అయిదేళ్ల జైలు పడింది. జైల్లోంచి పెన్సిల్‌తో రాసిన అర్జీని సుప్రీంకోర్టు విచారణకు తీసుకుని, 1963 మార్చి 18న, తీవ్ర నేరాభియోగం మీద విచారించే ప్రతి పేదవాడికీ రాష్ట్రమే లాయర్ని ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ ఆగస్టులో అదే ఊళ్లో మళ్లీ విచారణ జరిగింది. ఈసారి ఫ్రెడ్ టర్నర్ అనే స్థానిక లాయరు నిలబడ్డాడు. గిడియన్‌ను ఆ రోజు ఎక్కించుకున్న టాక్సీ డ్రైవరు, తనను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పొద్దని అతను అన్నాడని చెప్పాడు. వింటే దొంగ మాటలాగే ఉంటుంది. టర్నర్ ఒక్క ప్రశ్న వేశాడు: ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అన్నాడా? అన్నాడు, ఎక్కినప్పుడల్లా అంటాడు, ఇంట్లో ఆడమనిషితో గొడవట. ప్రధాన సాక్షికే ఆ దొంగతనంతో సంబంధం ఉండొచ్చన్న అనుమానం కూడా టర్నర్ జ్యూరీ మనసులో నాటాడు. గంట తిరిగేసరికి నిర్దోషి అన్నారు. అదే మనిషి, అదే నేరం, అదే సాక్షి. మారింది పక్కన నిలబడ్డ మనిషొక్కడే.

తెలుగునేలకు ఈ పాఠం ఇంకా ముందే, ఇంకా చేదుగా తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి కేసుల్లో హైదరాబాద్ రాష్ట్రపు ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ ప్రాంతపు రైతులకు ఉరిశిక్షలు వేశాయి. లాయర్లను పెట్టుకునే వీలు సరిగా ఇవ్వలేదని వాళ్ల ఫిర్యాదు. కేసు సుప్రీంకోర్టుకు వెళితే బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ బారిస్టరు వచ్చి వాదించారు. 1951లో జనార్దన్ రెడ్డి కేసుగా నమోదైన ఆ తీర్పులో కోర్టు వాళ్ల మాట ఒప్పుకోలేదు. లాయరు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని చెప్పింది. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి కాబట్టి మనుషులు బతికారు. ఆ మాట మాత్రం చట్టంలో ఉండిపోయింది.

దాన్ని కదపడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయాన్ని చేర్చింది. 1979లో కపిలా హింగోరాణీ వేసిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, విధించగల శిక్షకంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపిన బీహారు పేదల సంగతి బయటపడింది. భాగల్పూర్‌లో పోలీసులు ఖైదీల కళ్లు పొడిచేసిన కేసులో, వాళ్లకు లాయర్ని ఎందుకివ్వలేదంటే వాళ్లు అడగలేదు కాబట్టి అన్నది మేజిస్ట్రేట్ల జవాబు. కళ్లు పోయి నిలబడ్డ మనిషి లాయరు కావాలని అడగలేదట! 1980లో సుప్రీంకోర్టు ఆ జవాబును కొట్టేసింది. 1986లో సుక్ దాస్ కేసులో, అడగకపోయినా ఇవ్వాల్సిందేనని, ఇవ్వకుండా వేసిన శిక్ష చెల్లదని తేల్చింది. ఇక 2012లో కసబ్ అప్పీలు తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. నిందితుణ్ణి మొదటిసారి హాజరుపరిచినప్పుడే లాయరు హక్కు గురించి చెప్పి, స్థోమత లేకపోతే ఏర్పాటు చేయడం ప్రతి మేజిస్ట్రేటు విధి అని, చేయకపోతే శాఖాపరమైన చర్య తప్పదని శాసించింది. దేశం అందరికంటే ఎక్కువ ద్వేషించిన మనిషి కేసులో చెప్పిన ఆ మాట ఈ రోజు కోళ్ల దొంగతనం కేసులో పట్టుబడిన కూలీకి కూడా పనికొస్తుంది.

చట్టం అంత దూరం వచ్చాక కూడా విజయవాడ దగ్గర ఏం జరిగిందో మరిచిపోకూడదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని దారుణంగా చంపారు. ఊరంతా అట్టుడికింది. ఎవరో ఒకరు దొరకాలి. కొన్ని నెలలకు ఒక పేద దళిత కుర్రాణ్ణి అరెస్టు చేశారు. 2010లో యావజ్జీవం పడింది. హతురాలి తల్లి మాత్రం అసలు దోషి ఇతను కాదని మొదటి నుంచీ అందరికీ చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, దర్యాప్తు చేసిన పోలీసుల తీరును తప్పుపట్టింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లు పైగా జైల్లో ఉన్నాడు. కన్నకూతుర్ని పోగొట్టుకున్న తల్లి నిందితుడి పక్షాన మాట్లాడటం అశోకవనంలో సీత చేసినదానికంటే తక్కువది కాదు. అయినా ఆ తల్లి మాట ఒక్కటే అతన్ని బయటికి తేలేకపోయింది. సాక్ష్యాల్లోని లోపాలను హైకోర్టు ముందు ఒక్కొక్కటిగా పెట్టడానికి లాయర్లు కావాల్సి వచ్చింది.

నిర్దోషుల సంగతి సరే. నిజంగా దోషి అయితే? లాయరుకు ఆ సంగతి తెలిసిపోతే?

ఇది తేలిక ప్రశ్న కాదు. 1840లో లండన్‌లో లార్డ్ విలియం రస్సెల్ అనే వృద్ధుణ్ణి అతని పనివాడు కూర్వాజియే గొంతు కోసి చంపాడు. విచారణ మధ్యలో ఆ పనివాడు తన లాయరు చార్లెస్ ఫిలిప్స్‌తో, చంపింది నేనే, అయినా మీరు వాదించాల్సిందేనన్నాడు. ఫిలిప్స్ హడలిపోయి, కేసు వింటున్న మరో జడ్జిని రహస్యంగా సలహా అడిగాడు. సాక్ష్యాల మీద చేయగల సరైన వాదనలన్నీ చేయమని జవాబు వచ్చింది. చేశాడు. కూర్వాజియేకి ఉరి పడింది. సంగతి బయటపడ్డాక ఫిలిప్స్‌ను పత్రికలు ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోశాయి. అక్కడ అసలు ప్రశ్న, అతను వాదించడం తప్పా అని కాదు. నిజం తెలిశాక తోటి పనివాళ్ల మీదకు అనుమానం మళ్లించాడా లేదా అన్నది. సాక్ష్యం చాలదని చెప్పడం ఒకటి, అమాయకుడి మీదకు నేరం తోయడం ఇంకొకటి. మొదటిది విభీషణుడి పని, రెండోది శకుని పని. అత్యాచారం కేసుల్లో బాధితురాలి నడవడిని కోర్టు హాల్లో ఉతికి ఆరేసిన లాయర్లు ఈ రెండో కోవలోకే వస్తారు. చివరికి పార్లమెంటు అలాంటి ప్రశ్నలను నిషేధించక తప్పలేదు. ఆ పని చేసేవాళ్లకు పాపం తగలదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

గాంధీ ఇంకా కటువైన గీత గీసుకున్నారు. జోహన్నెస్‌బర్గ్‌లో ఒక కేసు నడుస్తుండగా కక్షిదారు తనను మోసం చేశాడని తెలిసి, కేసు కొట్టెయ్యమని మేజిస్ట్రేటును తానే అడిగారు. ఆయన నిజాయితీకి నమస్కరించాల్సిందే. కానీ అందరు లాయర్లూ ఆ దారి పడితే, నా లాయరే నాకు జడ్జి అన్న భయం ప్రతి నిందితుడికీ పుడుతుంది, నిజం చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. భారత బార్ కౌన్సిల్ నియమం మధ్యేమార్గం పట్టింది. నిందితుడు దోషి అని లాయరు మనసులో అనుకున్నా వాదించాల్సిందే, ఎందుకంటే తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికే అతను కట్టుబడి ఉండాలి. తీర్పు చెప్పే పని లాయరుది కాదు. 2010లో కోయంబత్తూరు న్యాయవాదుల తీర్మానం కేసులో, ఫలానావారి తరఫున వాదించబోమని సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే. ఆ తీర్మానాలు విచారణకు ముందే తీర్పు చెప్పేస్తున్నాయి.

నేరం కేసుల్లో పాపం అడ్డొస్తే, ప్రమాదం కేసుల్లో సిగ్గు అడ్డొస్తుంది. రోడ్డు మీద కొడుకు పోతాడు. పదకొండోరోజు కాకముందే ఎవరో వచ్చి క్లెయిము వేద్దామంటారు. "మా వాడి ప్రాణానికి ఖరీదు కడతారా?" అని తండ్రి తలుపేసుకుంటాడు. ఆ బాధలో నిజం ఉంది, కానీ నష్టపరిహారం ప్రాణానికి ఖరీదు కాదు. పోయినవాడి మీద ఆధారపడి బతికేవాళ్లకు బాకీ. పిల్లల చదువు, ముసలివాళ్ల మందులు, చెల్లెలి పెళ్లి, వీటికి పోయినవాడు బాధ్యుడు. ఆ బాధ్యత తీర్చకుండా అడ్డుపడిన మనిషి దాన్ని మోయాలి. ధర్మశాస్త్రం దృష్టితో చూసినా ఇది రుణం తీర్చడమే.

అయితే ఆ రుణం లెక్క ఎవరు కట్టాలి? ఇక్కడే లాయరు పని మొదలవుతుంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఉదాహరణ చెప్పింది. ఎడమ చెయ్యి పోయిందనుకుందాం. వైకల్యం 60 శాతమని డాక్టరు రాస్తాడు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. వడ్రంగి అయితే సంపాదన నూటికి నూరూ పోయినట్టే. దీన్ని అంకెల్లో పెట్టి చూడండి. 28 ఏళ్ల వడ్రంగి, నెలకు 15 వేల సంపాదన. ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖాయం చేసిన గుణకం 17. డాక్టరు కాగితం మీది 60 శాతం పట్టుకుని ఆగిపోతే వచ్చేది 18,36,000 రూపాయలు. అతని పనికి చేతులే ఆధారమని రుజువు చేసి, భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపమని అడిగితే 42,84,000. గాయం ఒకటే, మనిషి ఒకడే. అడగడం తెలిసినవాడు పక్కన ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి, "ఈ లక్ష పుచ్చుకుని సంతకం పెట్టండి, కోర్టులెందుకు" అనేవాడికి ఈ లెక్క బాగా తెలుసు. మంచం మీదున్నవాడికి తెలియదు. పైగా ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ నుంచి చట్టంలోకి వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ కేసులు నడిచాయి గానీ, దుఃఖంలో ఉన్న ఇంటికి ఆరు నెలలు ఎలా గడుస్తాయో తెలిసినవాళ్లు ఆగి చూడరు.

ఇంటిపని చేసే ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క ఇంకా ఆలస్యంగా తేలింది. సంపాదన లేదు కాబట్టి నష్టమేముందని అడిగే వాదన కోర్టుల్లో చాలాకాలం నడిచింది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణి శ్రమకు విలువ కట్టడం ఆమె పనిని గుర్తించడమేనని విడిగా రాశారు. వంట, పిల్లలు, పొలం దగ్గర సాయం, ముసలివాళ్ల సేవ, అన్నీ ఏకరువు పెట్టారు. ఏ తెలుగు పల్లెలోనైనా అది తెల్లవారుజామున అయిదుకు మొదలయ్యే పని.

డబ్బు సంగతి దాటేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఉన్నవాడికి పెద్ద లాయరు, లేనివాడికి దేవుడే దిక్కు అన్న మాట ఊరికే పుట్టలేదు. వచ్చిన పరిహారంలో ఇంత శాతం ఇవ్వాలని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. అయినా జిల్లా కోర్టుల ఆవరణలో అలాంటి బేరాలు జరుగుతూనే ఉన్నాయి. చెయ్యి పోయినవాడి చేతికి వచ్చిన డబ్బులో వాటా అడిగే లాయరు పురుషకారం చేస్తున్నట్టు కాదు. 2022 నాటి జాతీయ గణాంకాల్లో దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్లలో ఎక్కువమంది పేదలు, పెద్దగా చదువుకోనివాళ్లు. వాళ్ల సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

1987 నాటి న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని అది చెబుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ప్రతి జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సరే. జైలు నుంచి ఖైదీ కూడా రాసుకోవచ్చు.

అయితే అసలు పరీక్ష జరిగేది రిమాండు వేళ. అరెస్టయిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తెస్తారు. చాలాసార్లు చీకటి పడ్డాక, మేజిస్ట్రేటు ఇంటి దగ్గరికే. పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు అడుగుతారు. కుర్రాడు పక్కన నిలబడ్డ కానిస్టేబులు వైపు ఒకసారి చూసి లేదంటాడు. కాగితం మీద సంతకం అయిపోతుంది. ఆ అయిదు నిమిషాల్లో, ఆ కుర్రాడికీ కానిస్టేబులుకూ మధ్య నిలబడి, చొక్కా ఎత్తి చూపించమని అడిగే రిమాండు లాయరు ఉండాలని చట్టం ఏర్పాటు చేసింది. రిమాండు లాయర్ల జాబితాలో పేరున్న లాయరు ఆ రాత్రి ఫోన్ ఎత్తి, బండి తీసి, అక్కడికి చేరాలి.